దోమల నారుమడి

పెద్దులు మంచివాడని ఒమన్‌లోని బహ్లాలో పనిచేసి వచ్చిన ఎవరిని అడిగినా చెబుతారు. చెప్పనివ్వండి. వాళ్లు చూసింది అతని నవ్వు ముఖం, కారం దిట్టంగా వేసి వండిన కోడికూర, ఎవరికి ఒంట్లో బాగాలేకపోయినా ముందు నిలబడే మనిషిని. ఆ మనిషి గుండెలో ఏడాదికి పైగా ఒకే ఒక్క కోరిక కాపురం ఉందని వాళ్లకు తెలియదు. గురవయ్యను నాశనం చెయ్యాలి. డ్యూటీ చేస్తూ అదే తలుచుకునేవాడు, శుక్రవారం సెలవు పూట బట్టలు ఉతుక్కుంటూ అదే తలుచుకునేవాడు, దేవుడి పటం ముందు నిలబడి చేతులు జోడించినా నోట్లోకి అదే వచ్చేది.

గురవయ్య చేసిన పని అలాంటిది మరి. జగిత్యాల దిక్కు నుంచి ఎనభై ఎనిమిదిలో మస్కట్‌లో దిగిన పెద్దులు, కాస్త నిలదొక్కుకున్నాక అక్క చిన్నవ్వ కొడుకు కుమార్‌కు వీసా తెప్పించాడు. మేనల్లుణ్ణి పక్కనే పెట్టుకుందామనుకుంటే కంపెనీలు వేరయ్యాయి. పెద్దులు సోహార్ రోడ్డు పనిలో ఉండిపోయాడు, కుమార్ బహ్లాలో బిల్డింగు పనికి పోయాడు. అక్కడి ఫోర్మన్ గురవయ్య మన జిల్లావాడే కదా, పిల్లాణ్ణి చూసుకుంటాడులే అని ధైర్యంగా ఉన్నాడు. గురవయ్య బాగానే చూసుకున్నాడు! కుమార్‌కు చలిజ్వరం వస్తే దవాఖానా మొహం చూపించలేదు. మలేరియా అని తేలితే ఆరోగ్యశాఖ వాళ్లు కూలీలుండే క్యాంపులోకి వస్తారు, అందరి రక్తం తీస్తారు, పని ఆగుతుంది. అవతల స్లాబ్ పొయ్యాలి. అందుకని పిల్లాణ్ణి సిమెంటు గోడౌన్‌లో పడుకోబెట్టి, నాలుగు పనడాల్ గోళీలు చేతిలో పెట్టి, బయట గొళ్లెం వేశాడు. స్లాబ్ బ్రహ్మాండంగా పడింది. కుమార్ దానికి ముందే పోయాడు. గుండె ఆగిందని రాయించి పెట్టెలో ఇంటికి పంపించారు.

పెద్దులు కూడా చాలాకాలం గుండె అనే నమ్మాడు. తర్వాత అతని కంపెనీ మలేరియా నిర్మూలన పనికి కూలీలను సప్లై చేసే కాంట్రాక్టు పట్టడంతో అతను బహ్లా చేరాడు. అక్కడ ఖాదర్‌వలి అతన్ని వెతుక్కుంటూ వచ్చాడు. కడప మనిషి, వయసులో పెద్ద. గురవయ్య క్యాంపులో వంట చేసేవాడు, కుమార్ పోయాక ఆ పొయ్యి ముట్టనని వచ్చేసి ఊరి చివర ఒక ఖర్జూర తోటలో నీళ్లు కట్టే పనిలో కుదిరాడు.

"గొళ్లెం తీసి జావ తాపినా నాయనా," అన్నాడు ఖాదర్‌వలి. "నన్ను చూసి ‘మామా, మామా’ అంటాండాడు. నేనే నువ్వనుకున్యాడు. గురవయ్య కాళ్లు పట్టుకున్యా, ఆస్పత్రికి తీస్కపోదాం సామీ అని. స్లాబ్ అయినాక చూద్దాంలే అన్యాడు."

పెద్దులు ఏడవలేదు. ఆ వారమే ఊరి నుంచి చిన్నవ్వ క్యాసెట్ వచ్చింది. అప్పట్లో చదువు రానివాళ్లు మాటలు క్యాసెట్‌లో నింపి, వచ్చేపోయేవాళ్ల చేత పంపేవారు. టేపు నిండా అక్క ఏడుపే. మధ్యలో ఒక్క మాట మాత్రం స్పష్టంగా ఉంది. "వాన్ని నీ చేతుల పెట్టిన తమ్మీ." పెద్దులు ఆ ముక్కను వెనక్కి తిప్పి తిప్పి విన్నాడు. ఏ కోర్టుకు పోతాడు? ఏ పోలీసుకు చెబుతాడు, ఏ భాషలో? గురవయ్య అర్బాబ్‌కు, అంటే కంపెనీ యజమానికి, కుడిభుజం, ఇతనేమో వీపున పంపు మోసే కూలీ. సమయం రాకపోతుందా అని పళ్లు బిగబట్టి ఊరుకున్నాడు.

పెద్దులు పని ఇది. పొడుగు కాడ ఉన్న తెల్ల గరిటె పట్టుకుని బావులు, కాలువలు, నీళ్ల ట్యాంకులు తిరగాలి. గరిటెతో నీళ్లు ముంచి అందులో దోమ పిల్లపురుగులు ఎన్ని ఉన్నాయో చెప్పాలి, ఉన్నచోట మందు కొట్టాలి. నీళ్లలో తలకిందులుగా వేలాడేవి మామూలు దోమలవి. నీటి మీద పుల్లముక్కలా అడ్డంగా పడుకునేవి మలేరియా దోమలవి. పెద్దులు చెప్పిన అంకెను సూపర్‌వైజర్ రాసుకుంటే, అది ఆఫీసులో కంప్యూటర్ ముందు కూర్చునే ఫయాజ్ దగ్గరికి పోయేది. ఫయాజ్ నిజామాబాద్ కుర్రాడు. ఆఫీసు పెద్ద డాక్టర్ అబ్దుల్ వహాబ్ ఒమానీ. బొంబాయిలో కొన్నాళ్లు చదివాడు కాబట్టి హిందీ ధారాళంగా మాట్లాడతాడు. మలేరియా ఎక్కడ ఎప్పుడు పెరగబోతుందో ముందే లెక్కగట్టి పని నడపాలని ఆయన పట్టుదల. పై అధికారుల్లో సగం మంది ఆ లెక్కలను చూసి నవ్వేవాళ్లు. నవ్వేవాళ్లు ఎక్కడైనా ఉంటారు.

ఒకనాడు గోడ మీద బహ్లా పటంలో రంగులు చూసి, అదేంటని ఫయాజ్‌ను అడిగాడు పెద్దులు.

"జరమొచ్చినోడు ఒక్కడు ఉన్నడనుకో మామా," అన్నాడు ఫయాజ్. "వాన్ని కుట్టిన దోమలు పోయి ఇంకెంతమందికి అంటిస్తయి? గా నెంబరే అసలు సంగతి. ఒకటికి తక్కువైతే బీమారి దానంతటదే సల్లారిపోతది. ఒకటి దాటిందంటే పెరుగుడే. నువ్వు చెప్పే పురుగులు, ఆడ పండేటోళ్లు ఎంతమంది, లోపల పంటున్నరా బయట పంటున్నరా, రక్తంల జరం ఎందరికుంది, అన్నీ ఏసి కంప్యూటర్ లెక్క కడ్తది. నెంబర్ దాటిన జాగా ఎర్రగైతది."

"ఒక లేబర్ క్యాంపు ఎర్రగైతే ఏం జేస్తరు?"

"క్యాంపు బంద్. ఎవ్వడు బయటికి రావొద్దు. అందరి రక్తం తీసుడు, గోళీలు మింగించుడు. కంపెనీ మీద జుర్మానా పడ్తది. ఫోర్మన్ కొలువు ఊడుతది పో!"

ఫయాజ్ నవ్వుతూ అన్నాడు. పెద్దులు కూడా నవ్వాడు. కానీ ఆ రోజు నుంచి అతనికి ఆకలి బాగా వేసింది, పనిలో హుషారొచ్చింది, ఈలపాటలు మొదలుపెట్టాడు. గోడౌన్‌లో గొళ్లెం వేసి దాచిపెట్టిన జబ్బుతోనే గురవయ్యను కొడతాను, అంతకన్న సరైన దెబ్బ భూమ్మీద లేదు అనుకున్నాడు.

గురవయ్య క్యాంపు ట్యాంకులకు గట్టి మూతలున్నాయి. నీళ్లు శుభ్రం. పటం మీద అది ఎప్పుడూ తెల్లగానే ఉండేది. సరే, తెల్లగా ఉన్నదాన్ని ఎర్రగా చెయ్యాలంటే పురుగులు కావాలి, అవీ అడ్డంగా పడుకునేవి, గరిటె వేస్తే ఎవరికైనా కనబడేటన్ని. ఖాదర్‌వలి పనిచేసే తోటలో వాడకం లేని పాత బావి ఒకటుంది. పెద్దులు ఆ బావికి మందు మానేశాడు. వారం వారం అందులోకి గరిటె దించి, తెల్ల అడుగున కదిలే పురుగులను కళ్లారా చూసుకుని, "ఏం లేవు, సాఫ్" అని సూపర్‌వైజర్‌కు చెప్పేవాడు. రైతు బిడ్డ కదా, నారు పోసి పెంచడం తెలిసినవాడు. నాటు వేసే చోటు వేరే ఉంది.

ఖాదర్‌వలి గది ఆ బావికి దగ్గర్లోనే. ఎండాకాలం, గదిలో ఉడుకు భరించలేక ఆరుబయట మంచం వేసుకునేవాడు.

"ఏంది పెద్దులూ, ఈ నడుమ దోమలు పీక్క తింటాండాయి. మన బాయిలో మందు యేస్తాండావా?" అని అడిగాడు ఒకసారి, టీ గ్లాసు చేతికిస్తూ.

"ఏస్తున్న భాయ్. కొద్ది రోజులల్ల తగ్గుతయి," అన్నాడు పెద్దులు.

అబద్ధం ఆడినందుకు నాలుక మెలిక పడలేదు. పని కాగానే బావి నిండా మందు కుమ్మరిస్తాను, అప్పటిదాకా ఓర్చుకోమను అని మనసులోనే సర్ది చెప్పుకున్నాడు. ఆ టీ కూడా తాగాడు.

నారు ఎదిగాక ఒకరోజు ఆ బావి నీళ్లు ప్లాస్టిక్ సీసాల్లో నింపుకుని గురవయ్య క్యాంపుకు పోయాడు. దొంగచాటుగా కాదు. పట్టపగలు, మలేరియా డ్యూటీ చొక్కాతో, వీపున పంపుతో. గేటు దగ్గర గురవయ్యే ఎదురొచ్చాడు. కుమార్ ఇతనికి మేనల్లుడని గురవయ్యకు తెలుసు. తెలిసే భుజం మీద చెయ్యి వేశాడు.

"ఏమే పెద్దులూ, మంచిగున్నవా? మీ అక్క ఎట్లున్నది? పాపం, పిలగాడు చిన్న వయసుల పోయిండు."

ఆ చెయ్యి విరిచేద్దామనిపించింది. నవ్వాడు. "మంచిగనే ఉన్నం గురవన్నా. ట్యాంకులల్ల మందు పొయ్యాలె. జర మూత లేపుతవా?"

గురవయ్య తన చేతులతో మూత లేపి పట్టుకున్నాడు. పెద్దులు సీసాలో నీళ్లు జాగ్రత్తగా, ఒక్క పురుగు కూడా గోడకు అంటుకోకుండా వంచి పోశాడు. ఒక ట్యాంకు తర్వాత ఇంకో ట్యాంకు. మూతలన్నీ గురవయ్యే లేపాడు. ఆ సంతోషం గురించి పెద్దులు తర్వాతెప్పుడో చెబుతూ, పెళ్లిలో కూడా నేనంత సంబరపడలేదన్నాడు. ఆ ట్యాంకుల పక్కన చాపలేసుకుని పడుకునే కుర్రాళ్ల సంగతి తట్టకపోలేదు. పురుగుకు రెక్కలొచ్చేలోపే తనిఖీలో దొరుకుతాయి, మందు పడుతుంది, వాళ్లకేం కాదు అనుకున్నాడు.

అనుకున్నట్టే జరిగింది. తర్వాతి తనిఖీకి సూపర్‌వైజర్‌ను వెంటబెట్టుకుని పోయి, తనే గరిటె ముంచి ఆయన ముక్కు కింద పెట్టాడు. అంకె ఫయాజ్ దగ్గరికి పోయింది. క్యాంపులో వందలమంది ఒకేచోట పడుకుంటారు, కొత్తగా ఇండియా నుంచి వచ్చినవాళ్లున్నారు, సగం మంది నిద్ర ఆరుబయటే. కంప్యూటర్ ఇవన్నీ కలుపుకుని నెంబర్‌ను ఒకటి దాటించింది. పటం మీద గురవయ్య క్యాంపు మిరపపండులా ఎర్రబడింది. క్యాంపు గేటు మూశారు.

ఆఫీసుకు ఉన్నవి రెండు బండ్లు. ఒకటి ఊళ్లో తిరగాలి. తోటలు తిరిగే రెండోదాన్ని కొన్నాళ్లు క్యాంపుకు మళ్లిస్తే ఎలా ఉంటుందని డాక్టర్ లెక్క వేయించాడు. తోటల్లో పురుగు లేదు, అన్ని బావులూ సాఫ్ అని పెద్దులు నోటితో చెప్పిన అంకెలే అక్కడున్నాయి. ఆ అంకెల ప్రకారం తోటలు కొన్ని వారాలు ఆగగలవు. డాక్టర్ బండి మళ్లించాడు. దాంతోపాటు పెద్దులును కూడా క్యాంపు డ్యూటీకి వేశారు.

అదిగో, అప్పుడు బావి గుర్తుకు రావాలి కదా? వచ్చింది. శుక్రవారం పోయి మందు వేసి వద్దామనుకున్నాడు కూడా. కానీ ఆ శుక్రవారం గురవయ్యను అర్బాబ్ అందరి ముందు నిలబెట్టి తిట్టాడు. దాన్ని వదిలిపెట్టి తోటకెవడు పోతాడు? తర్వాతి శుక్రవారం గురవయ్య చేత ట్యాంకులు తోమించారు. మోకాళ్ల దాకా నీళ్లలో వంగి తోముతున్న గురవయ్యను చూస్తూ పెద్దులు గట్టు మీద కూర్చుని నింపాదిగా బీడీ కాల్చాడు. రక్తం తీసే వరసలో వేలికి సూది గుచ్చితే గురవయ్య మొహం ముడుచుకోవడం చూశాడు. క్యాంపు తెరిచేనాటికి కంపెనీ చేతిలోంచి కాంట్రాక్టు జారిపోయింది. అర్బాబ్ గురవయ్య వీసా క్యాన్సిల్ చేసి పంపించేశాడు. సూట్‌కేసు మోసుకుంటూ పికప్ ఎక్కుతున్నప్పుడు పెద్దులు దగ్గరికి పోయి, "కుమార్‌ను అడిగిన్నని చెప్పు గురవన్నా," అన్నాడు. ఇదంతా ఎవరి పనో గురవయ్యకు అర్థమైంది, మొహం పాలిపోయింది. ఆ సాయంత్రం పెద్దులు కొత్త క్యాసెట్ పెట్టి, "అక్కా, వాని పని ఒడిసింది," అని నింపాడు. కడుపు నిండా తిని పడుకున్నాడు.

తోటల్లో జ్వరాలు మొదలైన కబురు అతని చెవిన పడేసరికి ఖాదర్‌వలి ఆస్పత్రిలో ఉన్నాడు. ఎండ దెబ్బ అనుకుని పనడాల్ మింగుతూ నీళ్లు కట్టాడట. కాలువ గట్టు మీద పడిపోతే తోటవాళ్లు మోసుకొచ్చారు. అప్పటికే మలేరియా మెదడుకెక్కింది. పెద్దులు పోయి పక్కన నిలబడ్డాడు. ఖాదర్‌వలి కళ్లు తెరిచే ఉన్నాయి కానీ అతన్ని గుర్తుపట్టలేదు.

అక్కడి నుంచి తిన్నగా ఆఫీసుకు పోయాడు. గదిలో డాక్టర్ అబ్దుల్ వహాబ్, ఫయాజ్ కాగితాలు ముందేసుకుని తలలు పట్టుకున్నారు. తోటల్లో ఇంత జ్వరం రావడానికి వీల్లేదని కంప్యూటర్ అంటోంది. ఆస్పత్రి మంచాల మీద మాత్రం మనుషులున్నారు. లెక్కే తప్పంటున్నారు పైవాళ్లు, ఇకమీదట ఈ కంప్యూటర్ వైద్యం కట్టిపెట్టమంటున్నారు. పెద్దులు గుమ్మంలోనే నిలబడి అంతా చెప్పేశాడు. బావి సంగతి, సీసాల సంగతి.

డాక్టర్ కేకలు వెయ్యలేదు. బావిలో ఎన్ని ఉన్నాయని అడిగాడు. పెద్దులు చెప్పాడు. ఫయాజ్ ఆ అంకె వేశాడు. కాసేపటికి తోటలు ఎర్రబడ్డాయి. మంచాల మీద ఎంతమంది ఉన్నారో కంప్యూటర్ కూడా ఇంచుమించు అంతమందినే చూపించింది.

"ఇప్పుడే బండి పంపండి సాబ్. నేనే పోయి మందు పోస్త," అన్నాడు పెద్దులు.

"పంపుతాను," అన్నాడు డాక్టర్. "కానీ ఇవాళ్టి జ్వరం ఇవాళ్టి నీళ్లది కాదు. ఎప్పుడో పుట్టిన దోమలు కుట్టేశాయి. ఇంకో రెండు మూడు వారాల్లో పడబోయేవాళ్లను కూడా కుట్టేసి ఉంటాయి. ఎందుకు చేశావు?"

పెద్దులు కుమార్ గురించి చెప్పాడు. గోడౌన్, గొళ్లెం, స్లాబ్. చెబుతుంటే అప్పుడు ఏడుపొచ్చింది, ఇన్నాళ్లు రానిది. "ఆ క్యాంపులో ఒక కుర్రాడు మలేరియాతో చనిపోయాడని నా లెక్కలో లేదు. జ్వరాలు దాచే క్యాంపు అని నాకు ఒక్క మాట చెప్పి ఉంటే, ఒక్క పురుగు లేకపోయినా దాని గేటు మూయించేవాణ్ణి. నీ మేనల్లుణ్ణి వాడు ఒకసారి దాచాడు. నువ్వూ దాచావు," అన్నాడు డాక్టర్.

ఖాదర్‌వలి మూడో నాటికి పోయాడు. తోటల్లో మరికొందరు పడ్డారు గానీ, రక్తం ముందే తీసి గోళీలు ఇవ్వడంతో బతికారు. డాక్టర్ పోలీసులను పిలవలేదు, కంపెనీకి చెప్పి పెద్దులు వీసా క్యాన్సిల్ చేయించాడు. అది దయో అసహ్యమో పెద్దులుకు ఇప్పటికీ తెలియదు.

విమానం ఎక్కే రోజు పొద్దున అతను మస్కట్‌లోని అజైబా పోయాడు. ఖాదర్‌వలి పెళ్లాం జైనబీ అక్కడొక బంగళాలో పనిచేసేది. ఇద్దరూ ఒకే దేశంలో ఉండి కూడా నెలకొకసారి కలిసేవాళ్లు. ఆమె పెరటి గేటు తెరిచి, పెద్దులును చూడగానే కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది.

"ఆయప్పకు నువ్వంటే పానం తమ్ముడా. వచ్చినప్పుడల్లా నీ మాటే. పెద్దులు వారం వారం వచ్చి మన బాయి చూసిపోతాడు, సొంత తమ్ముడు గూడా అట్ల పట్టించుకోడు అంటాండె."

వెనక్కి తిరిగి పోయి ఉండవచ్చు. ఆమెకు ఎప్పటికీ తెలిసేది కాదు. కానీ గురవయ్య మీద అన్నాళ్లు పళ్లు నూరినవాడు, తన మీద పళ్లు నూరే మనిషి ఒక్కరూ లేకుండా విమానం ఎక్కడం ఎలా కుదురుతుంది? నిలబడే చెప్పాడు. ఏదీ తగ్గించలేదు. టీ తాగిన సంగతి కూడా చెప్పాడు.

జైనబీ ఏడుపు ఆగిపోయింది. కొంగు దించింది.

"నాకెందుకు చెప్పినావు?"

"నీకు తెల్వాలె భాభీ. తిట్టు, కొట్టు. ఏమన్న జెయ్యి."

"కొడితే నీకు తీరిపోతాది," అంది జైనబీ. గొంతు మెల్లగా ఉంది. "చెప్పుకోని దించుకుందామని వచ్చినావు. దించుకోనియ్యను. ఐదు పూటలా నమాజులో నీ పేరు చెప్తా. నువ్వు సావాలని అడగను. నువ్వు శానా ఏండ్లు బతకాల. ఏ రోగమూ రాకూడదు నీకు. తెలివి గూడా సెదరకూడదు. ముసిలోనివైనా గూడా ఈ పొద్దు మాదిరే అంతా గుర్తుండాల. అదే అడుగుతా అల్లాను."

లోపలి నుంచి మేడమ్ పిలిచింది. "వస్తాండా," అని జైనబీ వెళ్లిపోయింది.

పెద్దులుకు ఇప్పుడు డెబ్బై దాటాయి. ఒంట్లో ఏ రోగమూ లేదు.